రెండు స్పోర్ట్స్ కార్లు: వేగమూ, వెలా

దొర్నిపాడు, ఆళ్లగడ్డ ప్రాంతములలో తిరునాళ్లకు జరుగు బండలాగుడు పందెములను చూడని విద్యార్థి అరుదు. ఎద్దుల జత ఎంత బలముతో లాగినను బండ మెల్లగానే కదలును. బలమును వేగముతో గుణించగా వచ్చునది సామర్థ్యము. 746 వాట్లు ఒక అశ్వసామర్థ్యము. ఎద్దులకు బలము మెండు, వేగము కొద్ది. స్పోర్ట్స్ కారు సంగతి దీనికి తలక్రిందులు.

ఇట్టి కార్లలో పేరుపడినవి రెండు. జర్మనీ దేశపు మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. 1954లో వెలువడెను. ఇంగ్లండు దేశపు జాగ్వార్ ఇ-టైప్ 1961 మార్చిలో జెనీవా నగరమున ప్రదర్శింపబడెను.

మెర్సిడెస్ ఇంజను ఆరు సిలిండర్లది, సుమారు 3 లీటర్లది. దీనికి కార్బురేటరు లేదు. ఒక పంపు పెట్రోలును కొలిచి నేరుగా సిలిండరులోనికే చిమ్మును. కారు అస్థిపంజరము సన్నని ఉక్కు గొట్టముల అల్లిక. త్రిభుజములుగా కూర్చిన గొట్టములు లాగుడుకో ఒత్తుడుకో లోనగును గాని సులభముగా వంగవు. అందుచే బరువు తక్కువ, బిగువు ఎక్కువ. అయితే ఆ గొట్టములు ప్రక్కలందు ఎత్తుగా వచ్చుటచే మామూలు తలుపునకు చోటు లేకపోయెను. కనుక పైకి తెరచుకొను తలుపులు పెట్టిరి. పక్షి రెక్కలవంటి ఆ తలుపులను చూపరులు అలంకారమనుకొందురు. నిజమునకు అది అవసరము!

జాగ్వారుకు ఆకృతి కల్పించిన మాల్కం సేయర్ అంతకుముందు విమాన పరిశ్రమలో పనిచేసినవాడు. గాలి నిరోధము వేగపు వర్గమును బట్టియు, దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము వేగపు ఘనమును బట్టియు పెరుగును. వేగము రెట్టింపైన ఎనిమిది రెట్ల సామర్థ్యము కావలెను. గనుక ఇంజనును పెంచుట కంటె ఆకృతిని నునుపు చేయుట చౌక. 3.8 లీటర్ల ఇంజనుతో ఇది గంటకు 150 మైళ్లు, అనగా సుమారు 240 కిలోమీటర్లు పోవునని తయారీదారులు ప్రకటించిరి. వెనుక ఇరుసు పళ్ల నిష్పత్తిని బట్టి మెర్సిడెసు కూడ ఇంచుమించు అంతే.

పరుగులో సమానమైనను నిలుపుటలో కావు. గతిజశక్తి వేగపు వర్గమును అనుసరించును. 80 కిలోమీటర్ల వేగమున ఆపుటకంటె 240 వద్ద ఆపునపుడు బ్రేకులలో తొమ్మిది రెట్ల వేడి పుట్టును. మెర్సిడెసుకు ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి పట్టు సడలును. జాగ్వారు నాలుగు చక్రములకును గాలి తగులు డిస్కు బ్రేకులే. పైగా మెర్సిడెసు వెనుక ఇరుసు రెండు భాగములుగా ఊగునది. మలుపులో చోదకుడు తటాలున వేగము తగ్గించినచో వెనుకభాగము లేచి, చక్రములు ఒరిగి, పట్టు తప్పవచ్చును. ప్రాణముపై తీపి గలవాడు ఎన్నుకొనదగినది జాగ్వారే.

వెల మాత్రము ఈ లెక్కను పాటించదు. రెక్కల తలుపుల మెర్సిడెసులు 1957 నాటికి 1,400 మాత్రమే తయారైనవి. జాగ్వార్లు 72,000కు పైగా. నేటి వేలములలో మొదటిది పది లక్షల డాలర్లు దాటుట మామూలు, రెండవదానికి సాధారణముగా అందులో కొంత భాగమే. మెర్సిడెసు వారే 1955లో రెండు మాత్రమే చేసిన 300 ఎస్.ఎల్.ఆర్. మూత కార్లలో ఒకటి 2022లో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడుపోయెను.

కొనువారు ముందు చూచునది ఇంజను సంఖ్యయు, చట్రము సంఖ్యయు మొదటి రికార్డులతో సరిపోవునా అని. జాగ్వారు విషయమున మరొకటి గలదు. దాని నడిమి భాగమున రేకు తొడుగే బరువు మోయును. కనుక తలుపుల క్రింది అంచులను తట్టి, తుప్పు తిన్నదేమోయని పరీక్షింతురు.