కోనసీమ పంటు, మా కొండల బోటు



మొన్న మనం కోనసీమ విహారయాత్రకు వెళ్ళొచ్చాం కదా. ఈసారి గోడపత్రికకి అందరూ కొబ్బరితోటల గురించి, అంతర్వేది సముద్రం గురించి రాసి ఇచ్చారు. నేను సఖినేటిపల్లి రేవులో ఎక్కిన పంటు గురించి రాస్తున్నాను. చిన్నపిల్లలు బస్సులో నిద్రపోతున్నారని వాళ్ళని వదిలేసి, సారు మన తొమ్మిదో తరగతి వాళ్ళనే నరసాపురం దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చారు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలిపోతుంది. గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు, మధ్యలో వైనతేయ. ఆ పాయల నడుమ నేలే కోనసీమ. అందుకని అక్కడ ఎటు పోవాలన్నా నీళ్ళు దాటాలి. మనం రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్ళాం. తర్వాత బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి రాజోలు వైపు వెళ్ళాం. వంతెన లేని చోట పంటు ఉంటుంది.

పంటు మీద ఎవరెవరు ఉన్నారో నేను లెక్కపెట్టుకున్నాను. సైకిళ్ళతో కాలేజీ అమ్మాయిలు, చేపల తట్టతో ఒక మామ్మ, పాలక్యాన్లు కట్టిన మోటారు సైకిలు, ఒక ఆటో, అంతర్వేది నరసింహస్వామి దర్శనం చేసుకుని వస్తున్న యాత్రికులు, మనం. అందరం ఒకే పంటు మీద ఉన్నాం. యాత్రికుల కోసం ప్రత్యేకంగా ఏమీ లేదు. మామ్మ తట్ట దించడానికి ఒక యాత్రికుడే చెయ్యి వేశాడు. వరద వస్తే ఏం చేస్తారని టిక్కెట్టు కొట్టే ఆయన్ని అడిగాను. “ఆపేస్తామమ్మా, అంతే” అన్నాడు.

అది చూశాక నాకు మా ఊరి బోటు గుర్తొచ్చింది.

మాది పేరంటపల్లికి దగ్గరలో కొండరెడ్ల ఊరు. మీలో చాలామందివి కూడా ఆ చుట్టుపక్కలే. మా ఊరికి బస్సు రాదు. పాపికొండలు చూడటానికి వచ్చే వాళ్ళ బోట్లు సీజనులో రోజూ మా ముందు నుంచే పోతాయి. ఇప్పుడవి దిగువన గండిపోచమ్మ గుడి దగ్గర, ఎగువన పోచవరంలో బయల్దేరుతున్నాయి. వాటిలో పాట పెడతారు. టిఫిను, భోజనం బోటులోనే పెడతారు. పేరంటపల్లిలో గుడి చూడటానికి కాసేపు ఆగుతారు. మా అమ్మ వెదురుతో పూలు చేసి అక్కడ అమ్ముతుంది. అమ్మినంతే డబ్బులు. వాళ్ళు తిని పారేసిన ప్లేట్లు మాత్రం మా రేవుకి ఉచితంగా కొట్టుకొస్తాయి.

ఒకసారి మా తమ్ముడికి జ్వరం ఎక్కువై ఒళ్ళు కొట్టుకుంది. నాన్న రేవులో నిలబడి తువ్వాలు ఊపాడు. ఒక బోటు వచ్చింది. అందులో వాళ్ళు మాకు టాటా చెప్పారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళది తప్పు అనను, వాళ్ళకి అలాగే అనిపించి ఉంటుంది. తర్వాత మావయ్య నాటు పడవలో తీసుకెళ్ళాడు. తమ్ముడు బతికాడు.

మా దగ్గర పడవ నడపడం కోనసీమలో లాగ కాదు. సైన్సు టీచరు బోర్డు మీద గీసి చూపించారు. రాజమండ్రి దగ్గర రోడ్డు-రైలు వంతెన మీద రైలు దారే సుమారు 2.8 కిలోమీటర్లు. గోదావరి అక్కడ అంత వెడల్పు. పాపికొండల మధ్యకి వచ్చేసరికి రెండు కొండలు దాన్ని నొక్కేస్తాయి. అంత నీరూ ఆ సందులోంచే పోవాలి కాబట్టి లోతు పెరుగుతుంది, వడి పెరుగుతుంది. మలుపుల్లో సుడులు పడతాయి. జనం పైడెక్కు మీదకి ఎక్కితే గరిమనాభి పైకి పోయి పడవ తొందరగా ఒరిగిపోతుంది.

2018 మే 15న మంటూరు దగ్గర మునిగిన లాంచీలో ఉన్నది మన ఊళ్ళ వాళ్ళే. గాలివాన వస్తే తలుపులు, కిటికీలు మూశారు, లోపల ఉన్న చాలామంది బయటికి రాలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది. అప్పుడు వరద 5 లక్షల క్యూసెక్కులు ఉంది. బోటులో 77 మంది ఉంటే 26 మందే బతికారు. వాళ్ళని నాటు పడవల్లో వెళ్ళి తీసింది అక్కడి గిరిజనులే. ఆ తర్వాత బోట్లు ఆపేశారు. అమ్మ చేసిన పూలు ఇంట్లో మూట కట్టి ఉండిపోయాయి. నేను అప్పుడు చిన్నదాన్ని, వాటితో ఆడుకున్నాను. 2020లో రాష్ట్రంలో 9 బోటు కంట్రోలు రూములు పెట్టారు, గండిపోచమ్మ, పేరంటపల్లి, పోచవరంలో కూడా. 2021లో బోట్లు మళ్ళీ తిరిగాయి. నీరు పెరిగితే ఇప్పుడు ఆపేస్తారు, అది మంచిదే. కానీ మా నాటు పడవలకి లైఫ్ జాకెట్లు ఎవరిస్తారు?

కోనసీమలో అంతా బాగుందని కూడా అనుకోకండి. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి మన వయసు బడి పిల్లలు గల్లంతయ్యారు. వాళ్ళు విహారానికి రాలేదు. బడికి వెళ్ళి ఇంటికి వస్తున్నారు.

సోషల్ టీచరు ‘సుస్థిర పర్యాటకం’ అని ఒక మాట చెప్పారు. 2017ని ఐక్యరాజ్యసమితి దాని పేరు మీద జరిపిందట. నాకు అర్థం కాలేదు. సెలవుల్లో నాన్నకి చెప్పబోతే, నాన్న చదువుకోలేదు గాని, “వచ్చినోళ్ళు పోయాక ఊళ్ళో ఏదో ఒకటి మిగలాలనా?” అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది.

కోనసీమని ఆంధ్రా కేరళ అంటారు, కొబ్బరిచెట్లు చూసి. కేరళలో 2017 జనవరి నుంచి వైకోం దగ్గర ‘ఆదిత్య’ అనే పడవ సూర్యరశ్మితో నడుస్తోంది. 75 మంది పడతారు. అది పనులకి పోయే మామూలు జనం ఎక్కే పడవ, చూడటానికి వచ్చిన వాళ్ళూ అందులోనే ఎక్కుతారు. కొచ్చిలో 2023 ఏప్రిల్లో వాటర్ మెట్రో అని బ్యాటరీ పడవలు పెట్టారు, లంకల్లో ఉండే వాళ్ళ కోసం. కోనసీమ పాయల్లో అలాంటివి నడుస్తాయని నా అభిప్రాయం. మా కొండల సందులో వరద వడికి బ్యాటరీ ఆగుతుందో లేదో, అది ఇంజనీర్లు చూడాలి. నేను అడిగేది చిన్నది. టూరిస్టు బోటులో నాలుగు సీట్లు ఊరి వాళ్ళకి ఉంచాలి, రేవులో చెయ్యెత్తితే ఆగాలి.

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు నాన్న, మావయ్య రేవులో పొడుగాటి వెదురు గడ పాతారు. దాని పక్కన ఎర్రగుడ్డ చుట్టి పెట్టారు. గుడ్డ పైకి కడితే జబ్బు మనిషి ఉన్నట్టు. ఒక బోటు డ్రైవరు ఆగుతానని మాట ఇచ్చాడట. మిగతా వాళ్ళని ఇంకా అడగాలి. గుడ్డ ఇంతవరకు కట్టలేదు.

— 9వ తరగతి విద్యార్థిని