పేరయ్య ఎవరి తరఫు?

గుండుగొలను నుంచి కొల్లేటి వైపు దిగితే చేపల చెరువులే ఎక్కువ. అయినా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు, రొయ్య వేసినవాళ్లకి కౌంటు ధర వింటేనే గుండె జారింది. గట్టు మీద గుమ్మడికాయ కట్టి దిష్టి తీసినంత మాత్రాన వాషింగ్టన్ వినదు. మన రాయబార కార్యాలయం అక్కడ ట్రంప్ పాత సలహాదారు జేసన్ మిల్లర్ లాబీయింగ్ సంస్థను ఏప్రిల్‌లోనే నెలకు లక్షన్నర డాలర్లకు పెట్టుకుంది. ఆగస్టులో 75 వేలకు మెర్క్యురీ అనే సంస్థనూ కుదుర్చుకుంది.

ఇది లంచమే కదా అని అడుగుతూనే ఉన్నారు. లంచానికి రశీదు ఉంటుందా? ఈ ఒప్పందాలు ఫీజుతో సహా అమెరికా న్యాయశాఖ దగ్గర ఎవరైనా చదువుకోవచ్చు. అలా నమోదు చేయాలన్న చట్టం 1938 నాటిది. హిట్లర్ ప్రచారకుల కోసం పుట్టింది.

లాబీయిస్టంటే పెళ్లిళ్ల పేరయ్య. కుర్రాడి జీతం పెంచి చెప్తాడు, బట్టతల దాస్తాడు, పదెకరాల చెరువంటాడు, లీజు సంగతి ఎత్తడు. వీటితో ఈ చట్టానికి పనిలేదు. ఎవరి దగ్గర ఫీజు పుచ్చుకుని గడప తొక్కావో చెప్పు, చాలు అంటుంది.

జర్మనీ డబ్బు తీసుకున్న వీరెక్ అనే ప్రచారకుడు ఉపన్యాసాలు రాసిస్తే అమెరికన్ సభ్యులు చట్టసభలో చదివారు. అచ్చేసిన ప్రతులు సభ్యుల ఉచిత తపాలా మీదే ఊరూరా వెళ్లాయి. 1942లో ఈ చట్టం కిందే వీరెక్‌కి శిక్ష పడింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్లీ విచారించి జైల్లో పెట్టారు.

అదే కత్తి గిట్టనివాళ్ల మీదికీ లేచింది. 1951లో నల్లజాతి మేధావి డుబాయ్స్‌ను అణ్వాయుధాలు వద్దని సంతకాలు సేకరించినందుకు విదేశీ ఏజెంటన్నారు. ఎనభై దాటిన మనిషికి బేడీలు వేశారు. ఆ సంతకాలు సేకరించిన ఆయన సంస్థ ఫలానా విదేశీయుల తరఫున పనిచేసిందని సర్కారు రుజువు చేయలేకపోయింది. అసలు పెళ్లివారే లేకపోతే పేరయ్య ఎక్కడ? కోర్టు కేసు కొట్టేసింది. కోర్టులో ఓడినా కక్ష చల్లారలేదు. 1958 దాకా పాస్‌పోర్టు ఇవ్వలేదు.

మన దేశంలో లాబీయింగ్‌కి నమోదు చట్టమే లేదు. 2012లో వాల్‌మార్ట్ మన మార్కెట్ కోసం లాబీయింగ్ ఖర్చు పెట్టిందని పార్లమెంటు దద్దరిల్లింది, జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ వేశారు. ఆ ఖర్చు సంగతి మనకు తెలిసిందీ అమెరికాలో దాఖలైన కాగితాల వల్లే.