వార్తల్లో పదం: ఉమ్మనీటి శోథసూచికలు

37 వారములు నిండకమునుపే ఉమ్మనీటి సంచి చిరిగినప్పుడో, అకాలముగా నొప్పులు మొదలైనప్పుడో, గర్భములో దాగియున్న ఇన్‌ఫ్లమేషన్ అనబడు శోథను బయల్పరచు రసాయన సాక్ష్యములే ఉమ్మనీటి శోథసూచికలు. వీనిలో ప్రధానమైనది ఇంటర్‌ల్యూకిన్‌-6 అను ప్రోటీను. సూక్ష్మక్రిములు దాడిచేసినను, క్రిములు లేకయే కణజాలము దెబ్బతిన్నను ఇది ఉమ్మనీటిలో పెరుగును. అల్ట్రాసౌండు సాయమున సన్నని సూదితో తీసిన ఉమ్మనీటిలో ఇది మిల్లీలీటరునకు 2.6 నానోగ్రాములకు చేరినచో, శోథ కలదని పరిశోధకులు సాధారణముగా నిర్ణయింతురు. గ్లూకోజు తగ్గుట, తెల్లకణములు హెచ్చుట, ఎంఎంపీ-8 అను ఎంజైము అధికమగుట తక్కిన సూచికలు. క్రిములను పెంచి చూచు కల్చరు పరీక్షకు దినములు పట్టగా, వీనిని గంటలలోనే కొలువవచ్చును. శోథ శిశువు మెదడునకు, ఊపిరితిత్తులకు హాని చేయగలదు గనుక ఆ గంటలు అమూల్యములు.

అయినను సూది వేయుటలో కొంత అపాయము లేకపోలేదు. ఇది ప్రతి గర్భిణికిని చేయు పరీక్ష కాదు. పైగా పెద్ద ఆసుపత్రి అందరికిని చేరువలో ఉండదు: పల్నాడు జిల్లాలో, మాచర్లవంటి చోటులనుండి గుంటూరు పెద్దాసుపత్రి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. కావున ఉమ్మనీరు కారినను, దుర్వాసన, జ్వరము, అకాలపు నొప్పులు కనిపించినను, తెల్లవారనిమ్మని ఆగక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరుటయే తల్లీబిడ్డలకు తొలి రక్ష.