సోనిక్ ఎవరివాడు?

పాఠము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి తన సంచిమీది బొమ్మను నాకు చూపెను. నీలిరంగు దేహము, ఎఱ్ఱని జోళ్ళు, వెనుకకు వాలిన ముళ్ళు, పెదవి కొసను ఒక కొంటెనవ్వు. "మాస్టారూ, వీడు జపానువాడా, అమెరికావాడా? మాలో మాకు పందెము పడినది" అని వాని ప్రశ్న. ఆనాడు బదులు చెప్పలేకపోతిని. విచారించి తెలిసికొన్న పిదప ఆ ప్రశ్న పందెములతో తేలునది కాదని తోచెను.

ఆ బొమ్మ పేరు సోనిక్. జపానులోని సెగా సంస్థ తయారుచేసిన వీడియో ఆటలో 1991 జూన్ నెలలో లోకమునకు కనబడెను. నాడు ఆ వ్యాపారమున నింటెండో సంస్థవారి మారియోదే రాజ్యము. వానికి దీటైన పాత్ర యొకటి సెగాకు కావలసివచ్చెను. బొమ్మ గీచినవాడు నవోతో ఓషిమా. యంత్రమునకు ఆటను నేర్పిన ప్రోగ్రామర్ యూజి నాకా. ఆట నడచు రంగములను కూర్చినవాడు హిరోకజు యసుహరా. మువ్వురును జపానీయులే. జన్మపత్రిక వరకే చూచినచో సోనిక్ నిస్సందేహముగా జపానువాడు.

అయితే ఆ చేతులను నడిపిన ఊహ యెక్కడిది? ఫెలిక్స్ అను పిల్లి తలను, మిక్కీ ఎలుక దేహమును కలిపి తొలిరూపము దిద్దినట్లు ఓషిమాయే తరువాతి కాలమున చెప్పెను. ఆ రెండును అమెరికా కార్టూను పాత్రలు. జోళ్ళ తీరునకు మైకేల్ జాక్సన్ పాటల ఆల్బము అట్టమీది బూట్లు ప్రేరణ. వాని ఎఱుపు తెలుపులు శాంటాక్లాజ్ దుస్తులనుండి వచ్చినవి. ఓషిమా కొన్ని చిత్తుబొమ్మలను న్యూయార్కులోని సెంట్రల్ పార్కునకు తీసికొనిపోయి అక్కడివారికి చూపగా, ఎక్కువమంది ముళ్ళజంతువునే మెచ్చుకొనిరట. నీలిరంగు సెగా ముద్రనుండి వచ్చినది. ఆ సెగా పేరు మాత్రము అచ్చమైన జపాను పేరా? "సర్వీస్ గేమ్స్" అను ఆంగ్లపదముల సంక్షేపమది. ఆ సంస్థకు పునాది వేసినవారు అమెరికన్లు.

ఇక ఆ జంతువు సంగతి. ఆంగ్లమున హెడ్జ్‌హాగ్ అనబడు ఇది మన ఏదుపంది కాదు. అంతకంటె చాల చిన్నది, పురుగులను తిని బ్రదుకును, అపాయము కలిగినచో బంతివలె ముడుచుకొనును. ఆటలో సోనిక్ బంతియై దొర్లి శత్రువులను కొట్టుటకు మూలము ఈ స్వభావమే. జపాను భాషలో దాని పేరునకు "సూది ఎలుక" అని యర్థము. విశేషమేమనగా, ఈ ప్రాణి జపాను నేలమీదగాని అమెరికా నేలమీదగాని సహజముగా పుట్టి పెరుగునది కాదు. ఉభయులకును పరాయిదైన జంతువును ఉభయులును తమదిగా చేసికొనిరి.

తొలి రూపకల్పనలో సోనిక్‌కు కోరలుండెను. మడోనా అను మానవ ప్రియురాలుండెను. ఒక వాద్యబృందమును ఉండెను. సెగా అమెరికా శాఖవారు ఇది తమ పిల్లలకు తగదనిరి. వాదోపవాదములు జరిగినవి. తుదకు కోరలు పోయినవి, ప్రియురాలును పోయెను. కథకూడ రెండు పాయలయ్యెను. జపానులో ఎగ్‌మన్ అనబడిన ప్రతినాయకుడు అమెరికాలో రోబాట్నిక్ అయ్యెను. 1993లో అమెరికాలో వచ్చిన కార్టూను ధారావాహికలును, బొమ్మల కథలును తమ సొంత కథలను అల్లుకొనిపోయెను. 1998లో వచ్చిన "సోనిక్ అడ్వెంచర్" అను ఆటలో గాని ఆ రెండు పేర్లకు పొత్తు కుదరలేదు.

1992 నాటి రెండవ ఆట కాలిఫోర్నియాలో ఇరుదేశముల వారి కృషితో తయారయ్యెను. అందులో సోనిక్‌కు తోడుగా రెండు తోకల నక్క వచ్చెను. పెక్కు తోకల నక్క జపాను జానపదకథలలోనిది. దానిని గీచిన జపాను చిత్రకారుడు యసుషి యమగుచి పెట్టిన పేరు "మైల్స్ ప్రోవర్". "గంటకు ఇన్ని మైళ్ళు" అను ఆంగ్లపు మాటమీద శ్లేష అది. అమెరికా శాఖవారు "టెయిల్స్", అనగా "తోకలు", అను పేరు కోరిరి. తుదకు మొదటిది అసలు పేరుగను, రెండవది ముద్దుపేరుగను నిలిచెను. జపానువాడు ఆంగ్ల శ్లేషను పట్టుకొనగా, అమెరికావారు జపాను జానపద లక్షణమునే పేరుగా ఎన్నుకొనిరి!

ఈ చెలిమి ఎల్లప్పుడును సుఖముగా సాగలేదు. 2019లో హాలీవుడ్ చలనచిత్రమొకటి సోనిక్‌కు మనుష్యుల పలువరుసను, చిన్న కన్నులను అమర్చి ప్రచారచిత్రము విడుదల చేయగా ప్రేక్షకులు భగ్గుమనిరి. నిర్మాతలు తలయొగ్గి రూపము మార్చి, 2020 ఫిబ్రవరిలో చిత్రమును విడుదల చేసిరి. పూర్వము కోరలను తీయించినది ఒక కార్యాలయము. ఇప్పుడు పండ్లను తీయించినది ప్రజ. ముప్పది యేండ్లలో పాత్రపై హక్కు ఎవరి చేతికి పోయినదో ఇందు తెలియుచున్నది.

మరుసటి వారము ఆ విద్యార్థికి ఇదంతయు చెప్పితిని. "అట్లయిన పందెము ఎవరు గెలిచినట్లు?" అనెను. నన్నయ భారతమున సంస్కృత వృత్తములును, దేశి ఛందస్సులును పక్కపక్కనే నడచునని తరగతిలో చదివితిమి కదా, ఒకదానిని తీసివేసినచో మిగులునది ఆ గ్రంథమగునా యని నేనడిగితిని. వాడు కొంతసేపు ఆలోచించి, సంచి భుజమున వేసికొని, "పందెము డబ్బు ఎవరిది వారికి ఇచ్చివేసెదను" అని నవ్వుచు వెడలిపోయెను.