అధికారిక సిద్ధాంతం – నాయకుల వ్యక్తిగత అభిప్రాయం: మోర్మన్ సంఘం ఆధారంగా ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మత సిద్ధాంతానికి, మత నాయకుని వ్యక్తిగత అభిప్రాయానికి మధ్య ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• మోర్మన్ సంఘంలో సిద్ధాంతం ఏ పద్ధతిలో ఆమోదం పొందుతుందో తెలుపగలుగుతారు.
• ఒక మత నాయకుని ప్రకటనను ఆయా మతం దృష్టితో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

మీరు అమీర్‌పేటలో పోటీ పరీక్షల కోచింగుకు వెళ్లి ఉంటే ఈ అనుభవం మీకు కొత్త కాదు. "ఈ చాప్టరు రాదు, వదిలేయండి" అని సారు చెబుతారు. నోటిఫికేషన్‌లో ఇచ్చిన సిలబస్‌లో మాత్రం ఆ చాప్టరు ఉంటుంది. సారు అనుభవం ఉన్నవారే, ఆయన మాటకు విలువ ఉంది. కాని సిలబస్‌ను నిర్ణయించే అధికారం ఆయనది కాదు. ఆ చాప్టరు నుంచి ప్రశ్న వస్తే నష్టపోయేది విద్యార్థి.

మతాల అధ్యయనంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. ఒక నాయకుడు చెప్పిన ప్రతి మాటా ఆ మతం చెప్పినట్లేనా? ఈ ప్రశ్నను మోర్మన్ సంఘం ఆధారంగా పరిశీలిద్దాం.

2. మోర్మన్ సంఘం – హైదరాబాదు

జోసెఫ్ స్మిత్ 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఈ సంఘాన్ని స్థాపించాడు. దీని అసలు పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము'. 'మోర్మన్' అనేది వాడుక పేరు.

ఈ సంఘానికి తెలుగువారితో సంబంధం ఉంది. సమోవా దీవుల్లో ఉంటూ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదుకు వచ్చి బోధించారు. అప్పుడు 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘం ప్రాంతీయ విభాగాన్ని 'స్టేక్' అంటారు. భారతదేశంలో మొదటి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది.

3. సిద్ధాంతం ఎలా ఏర్పడుతుంది?

ఈ సంఘం నాలుగు గ్రంథాలను ప్రామాణికంగా స్వీకరిస్తుంది. అవి: బైబిలు, మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము. సంఘ అధ్యక్షుణ్ణి సభ్యులు ప్రవక్తగా నమ్ముతారు. ఆయన, ఆయన సలహాదారులు కలిసి ప్రథమ అధ్యక్షత్వం అవుతారు. వీరికి తోడుగా పన్నెండుమంది అపొస్తలుల సమూహం ఉంటుంది. ఈ రెండు మండళ్లు ఏకాభిప్రాయంతో నిర్ణయించిన దానికే సిద్ధాంతంగా గుర్తింపు లభిస్తుంది. కొత్తగా ఏదైనా ప్రామాణిక గ్రంథాల్లో చేరాలంటే సర్వసభ్య సమావేశంలో సభ్యులు చేతులెత్తి సమ్మతి తెలపడం ఆనవాయితీ.

ప్రవక్త కూడా ప్రవక్తగా వ్యవహరించినప్పుడే ప్రవక్త అని జోసెఫ్ స్మిత్ స్వయంగా చెప్పాడు. ఒక నాయకుడు ఒక సందర్భంలో అన్న ఒక మాట ఎంత ఆలోచించి చెప్పినదైనా సాధారణంగా వ్యక్తిగత అభిప్రాయమేనని, సంఘమంతా దానికి కట్టుబడనవసరం లేదని 2007లో సంఘం ఒక ప్రకటనలో తెలిపింది. రెండో అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ ఆదామే దేవుడనే భావాన్ని బోధించాడు. 1976లో అధ్యక్షుడు స్పెన్సర్ కింబాల్ దాన్ని తప్పుడు బోధ అని బహిరంగంగా ఖండించాడు.

4. అభిప్రాయం సిద్ధాంతంలా చలామణి అయితే?

ఈ తేడా కేవలం పుస్తకాలకు పరిమితమైనది కాదు. సంఘంలో అర్హులైన పురుషులందరికీ యాజకత్వం ఇస్తారు. అయితే 1852లో బ్రిగమ్ యంగ్ ఆఫ్రికా సంతతి నల్లజాతి పురుషులకు యాజకత్వం ఉండదని ప్రకటించాడు. ఆ సంతతి స్త్రీపురుషులు ఆలయంలోని ముఖ్య సంస్కారాలకూ దూరమయ్యారు. నల్లజాతివారు కయీను శాపానికి గురైనవారని, పూర్వజీవితంలో విశ్వాసం తక్కువైనవారని పలువురు నాయకులు కారణాలు చెప్పారు. తరతరాల సభ్యులు వాటిని సిద్ధాంతంగానే విన్నారు.

1978 జూన్‌లో ప్రథమ అధ్యక్షత్వం ఆ ఆంక్షను తొలగించింది. సెప్టెంబరు 30న సర్వసభ్య సమావేశం దానికి సమ్మతి తెలిపింది. ఈ అంశంపై తాను, ఇతర నాయకులు గతంలో చెప్పినదంతా మరచిపోండని అపొస్తలుడు బ్రూస్ మెకాంకీ ఆ ఆగస్టులోనే సభ్యులను కోరాడు. 2013లో సంఘం ప్రచురించిన వ్యాసం పాత కారణాలను తిరస్కరించింది.

ఇక్కడ రెండు వాదాలు ఉన్నాయి. ఆ కారణాలు ఏనాడూ సిద్ధాంతం కావని సమర్థకులు అంటారు. ఆచరణలో 126 ఏళ్లు అమలైన దాన్ని, మారిన తరువాత అభిప్రాయమని పిలవడం సులభమని విమర్శకులు అంటారు. విద్యార్థిగా మీరు రెండింటినీ గుర్తుంచుకోవాలి. ఏది సిద్ధాంతమో సంఘం నియమాలు తెలుపుతాయి. ఏది జీవితాలను శాసించిందో చరిత్ర తెలుపుతుంది.

5. అంచనాకు ఉపకరించే ప్రశ్నలు

(అ) మాట్లాడినది ఎవరు? ఒక్కరా, మండలి అంతానా?
(ఆ) ఏ హోదాలో, ఏ సందర్భంలో చెప్పారు?
(ఇ) ప్రామాణిక గ్రంథాల్లో ఆధారం ఉందా?
(ఈ) నిర్ణీత పద్ధతిలో ఆమోదం పొందిందా?
(ఉ) నేటికీ సంఘం దాన్ని బోధిస్తున్నదా?

6. ఇతర మతాలతో పోలిక

ఈ ప్రశ్నలు అన్ని మతాలకూ ఒకే విధంగా వర్తించవు. అమీర్‌పేట పక్కనే పంజాగుట్టలో, ద్వారకాపురి కాలనీలో షిర్డీ సాయిబాబా గుడి ఉంది. 2014లో ద్వారకా పీఠాధిపతి స్వరూపానంద సరస్వతి సాయిబాబా దేవుడు కాదని, ఆయనను పూజించడం తగదని అన్నారు. సాయి ఆరాధన మాత్రం ఆగలేదు. హిందువులందరినీ కట్టుబడేలా చేసే ఒకే కేంద్ర మండలి లేదు. పీఠాధిపతి మాటకు ఆ పీఠాన్ని అనుసరించేవారిలో గౌరవం ఉంటుంది. ఇతరులకు అది ఒక అభిప్రాయం. కాబట్టి ఇక్కడ 'ఆమోదం పొందిందా?' అనే ప్రశ్నకు ముందు 'ఆమోదించే అధికారం ఎవరికి ఉంది?' అని అడగాలి.

కేథలిక్ సంఘంలో ఈ అధికారానికి స్పష్టమైన హద్దు ఉంది. పోపు బోధలో పొరపాటు ఉండదన్న 1870 నాటి ప్రకటన కొన్ని కచ్చితమైన షరతులకు లోబడినప్పుడే వర్తిస్తుంది.

7. సారాంశం

నాయకుని మాటకు గౌరవం ఉండటం వేరు, అది అందరినీ కట్టుబడేలా చేయడం వేరు. ఒక్కరి వ్యాఖ్యతో మతాన్నంతటినీ నిందించడం న్యాయం కాదు. అలాగే, 'అది కేవలం అభిప్రాయం' అన్నంత మాత్రాన దాని వల్ల నష్టపోయినవారి అనుభవం చెరిగిపోదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మోర్మన్ సంఘం ప్రామాణిక గ్రంథాలు ఏవి?
2. 1978 నాటి మార్పు ఏ పద్ధతిలో ఆమోదం పొందింది?
3. మీరు ఇటీవల విన్న ఒక మత నాయకుని ప్రకటనను 5వ విభాగంలోని ప్రశ్నల సహాయంతో పరిశీలించి పది వాక్యాలు రాయండి.