మోడెమ్‌కు మాట నేర్పిన రెండక్షరాలు

1981లో అట్లాంటాలో డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ అనే ఇద్దరు అమ్మకానికి పెట్టిన స్మార్ట్‌మోడెమ్ వేగం సెకనుకు 300 బిట్లు. అంటే ముప్పై అక్షరాలు, ఇంచుమించు మనిషి చదివే వేగం. అప్పటికి ఆ వేగం పాతదే. అంతకుముందు సాధారణంగా మోడెమ్ వాడాలంటే నంబరు చేత్తో తిప్పి, అవతల కూత వినబడ్డాక రిసీవర్‌ను రబ్బరు గిన్నెల్లో కూర్చోబెట్టాలి. లేదంటే నంబరు తిప్పడానికే బెల్ కంపెనీ వారి మరో పెట్టె, దానికి మరో కేబులు కావాలి. హేస్ మోడెమ్ ఈ తతంగాన్ని ఒక్క తీగ మీదికి తెచ్చింది. సమాచారం వెళ్లే దారిలోనే ఆజ్ఞా వెళ్తుంది, జవాబూ వస్తుంది. ఏటీడీటీ అని కొట్టి, పక్కన నంబరు వేసి ఎంటర్ నొక్కితే డయల్ చేస్తుంది. కలిస్తే కనెక్ట్ అంటుంది, లైను తెగితే నో క్యారియర్ అంటుంది. డయల్-అప్ చరిత్రను 300, 2,400, 14,400, 56,000 అంటూ వేగాల మెట్లుగా చెప్పడం రివాజు. ఆ యంత్రానికి అంత ఆయుష్షు పోసింది వేగం కన్నా ఈ మాట వినే గుణమేనని నా వాదన.

ఆజ్ఞల ముందుండే ఏటీ అటెన్షన్ అనే మాటకు పొట్టి రూపం. ఆ జంట పిలుపుకే కాక కొలతకూ పనికొచ్చింది. సీరియల్ తీగ మీద ప్రతి అక్షరానికి ముందు ఒక సున్నా వస్తుంది, ఆ తర్వాత అక్షరపు బిట్లు చివరి నుంచి మొదటికి నడుస్తాయి. ‘ఏ’ కోడు 1000001 కాబట్టి ముందున్న సున్నాను ఆనుకునే ఒకటి తగులుతుంది. ఆ సున్నా ఎంతసేపు నిలిచిందో కొలిస్తే అదే ఒక బిట్టు నిడివి, 300 వేగంలో సెకనులో మూడువందలో వంతు. కంప్యూటర్ ఏ వేగంతో మాట్లాడుతోందో మోడెమ్ పసిగట్టేసినట్టే. ఇక ‘ఏ’లో ఒకట్లు రెండు, ‘టీ’ కోడు 1010100లో మూడు. ఒకటి సరి, ఒకటి బేసి. రెండింటి వెంట తప్పులు పట్టడానికి వచ్చే పారిటీ బిట్లను పక్కపక్కన పెట్టి చూస్తే అవతలివారు పాటించే పారిటీ కూడా తెలిసిపోతుంది. రెండక్షరాల నుంచి ఇంత పని పిండుకున్న ఇంజనీర్లకు దండం పెట్టాల్సిందే.

మాటలన్నీ మామూలు అక్షరాలే కావడంతో మనిషి కొట్టినా, ప్రోగ్రాం కొట్టినా మోడెమ్‌కు ఒకటే. యూనిక్స్ యంత్రాలు ఒకదానికొకటి ఫోన్ చేసుకునే యూయూసీపీ ప్రోగ్రాం 1970లలోనే ‘ఫలానా మాట వినబడితే ఫలానా జవాబివ్వు’ అనే జతలతో లాగిన్ తంతు నడిపేది. లైనక్స్‌లో ఫోన్ లైను మీద ఇంటర్నెట్ నడిపే పీపీపీడీ పక్కన పనిచేసే చాట్ ప్రోగ్రాం ఆ పద్ధతినే అందిపుచ్చుకుంది. ఓకే వస్తే నంబరు తిప్పు, బిజీ వస్తే విరమించు, కనెక్ట్ వస్తే లాగిన్ కోసం ఆగు. ఆ లాగిన్ అనే మాటలో మొదటి ‘ఎల్’ వదిలేసి మిగతా అక్షరాలే రాసేవారు. అవతలి యంత్రం పెద్ద ఎల్ వాడుతుందో చిన్న ఎల్ వాడుతుందో ఎవరికి తెలుసు! ఆ తర్వాత వచ్చిన వీవ్‌డయల్ ఈ జతలు రాసే పని కూడా తప్పించి, నంబరు, పేరు, పాస్‌వర్డ్ చెబితే చాలంది. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ తెరిచినప్పుడు షెల్ ఖాతా తీసుకున్నవారికి దక్కింది కూడా అక్షరాల తెరే. బొమ్మల్లేని లింక్స్ బ్రౌజరులోనే వాళ్లు ప్రపంచాన్ని చూశారు.

జనానికి ఇంటర్నెట్ చేరింది ఈ నల్లతెర వల్ల కాదు, విండోస్ 95లో మౌస్‌తో నొక్కే బొమ్మ వల్ల కదా అనొచ్చు. నిజమే, ఆ బొమ్మ లేకపోతే చాలామంది గడప దాటేవారు కారు. కానీ దాన్ని నొక్కినప్పుడు లోపల మోడెమ్‌కు వెళ్లేది ఏటీ మాటలే. పైగా మోడెమ్ అమరికల్లో అదనపు ఆజ్ఞలు రాసుకోవడానికి ఒక ఖాళీ గడిని అలాగే ఉంచారు. ఆఫీసు ఎక్స్చేంజి డయల్ టోన్‌ను మోడెమ్ గుర్తుపట్టనప్పుడు, టోన్ కోసం చూడకుండా తిప్పమని ఆ గడిలో ఎక్స్3 అని రాయాల్సి వచ్చేది.

రెండో ఆక్షేపణ బరువైనది. ఆజ్ఞా, సమాచారం ఒకే దారిన నడిస్తే దేన్ని దేనిగా తీసుకోవాలి? హేస్ మోడెమ్‌లో ఒక సెకను మౌనం, వరసగా మూడు కూడిక గుర్తులు, మళ్లీ ఒక సెకను మౌనం వస్తేనే ఆజ్ఞ. ఆ మౌనంతో కలిపి 1985లో హెదరింగ్టన్ పేర పేటెంటు వచ్చింది. రుసుము కట్టడం ఇష్టంలేని కొందరు తయారీదారులు మౌనాన్ని తీసేసి గుర్తుల్ని ఉంచుకున్నారు. 1990ల చివర్లో ఆకతాయిలు ఆ సందును కనిపెట్టారు. మూడు కూడికలు, వాటి వెనక ఫోన్ పెట్టెయ్యమనే ఏటీహెచ్0 ఉన్న పింగ్, అంటే ‘ఉన్నావా’ అనే పలకరింపు, పంపితే, కంప్యూటర్ మర్యాదగా అదే పాఠాన్ని తిరిగి పంపేది. దారిలో ఉన్న మోడెమ్ దాన్ని ఆజ్ఞ అనుకుని ఫోన్ పెట్టేసేది. మౌనం తీసేసినందుకు ఇది శిక్ష. ఒకే తీగ వాడినందుకు కాదు. విరుగుడు కూడా ఒక ఆజ్ఞే. ఏటీఎస్2=255 అంటే ఆ గుర్తుల్ని ఇక పట్టించుకోదు.

డయల్ టోన్ వెనక్కి తగ్గింది, హేస్ కంపెనీ 1999లో మూతపడింది. ఏటీ మాత్రం సెల్‌ఫోన్ ప్రమాణాల్లోకి ఎక్కింది. పొలం గట్టున బోరు మోటారును ఫోన్‌తో ఆడించే స్టార్టర్ పెట్టె విప్పితే, సిమ్ కార్డు పక్కన వేలెడంత జీఎస్ఎం మాడ్యూల్ కనబడుతుంది. కరెంటు వచ్చిందని రైతుకు మెసేజ్ పంపాలంటే పెట్టెలోని చిప్పు దానికి ఏటీ+సీఎంజీఎస్ అని రాస్తుంది. పని అయ్యాక మాడ్యూల్ ఓకే అంటుంది.