మ్యాజిక్ ఐటమ్స్ రూల్ మార్చే ముందు ఇది చూడండి: మూడు ఐటమ్స్ లిమిట్ అసలు ఎందుకుంది?

ఈరోజు ఎపిసోడ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ల కోసం, అందులోనూ గేమ్ నడిపే డంజియన్ మాస్టర్ల కోసం. ఎప్పుడూ ఆడనివాళ్లు కూడా ఉండండి, బేసిక్స్ నుంచే మొదలుపెడతాను. ప్రశ్న ఒక్కటే. మ్యాజిక్ ఐటమ్స్ విషయంలో రూల్స్‌ని ఎంతవరకు వంచొచ్చు?

ముందు బేసిక్స్

డంజియన్స్ అండ్ డ్రాగన్స్, షార్ట్‌గా డీ అండ్ డీ, 1974లో అమెరికాలో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఫ్రెండ్స్ అందరూ టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథ ఇది. ఒకరు డంజియన్ మాస్టర్, అంటే డీఎం. కథ చెప్పేది, రాక్షసుల్ని నడిపేది ఆ ఒక్కరే. మిగతావాళ్లు తలా ఒక క్యారెక్టర్. కొట్టిన దెబ్బ తగిలిందా లేదా అని తేల్చేది 20 ముఖాల డైస్.

ఇప్పుడు నడుస్తున్నది ఐదో ఎడిషన్. 2014లో వచ్చింది, 2024లో పుస్తకాలు సవరించారు. నేను చెప్పే లెక్కలన్నీ 2014 పుస్తకాలవి.

గేమ్‌లో దొరికే మంత్రకత్తులు, ఉంగరాలు, బూట్లు, వీటినే మ్యాజిక్ ఐటమ్స్ అంటాం. వీటిలో పవర్ ఎక్కువున్న చాలావాటికి అట్యూన్‌మెంట్ కావాలి. అంటే క్యారెక్టర్ కనీసం ఒక గంట రెస్ట్ తీసుకుని, ఆ వస్తువు మీదే ధ్యాస పెట్టి దాన్ని తనతో ముడేసుకోవాలి. ఒక క్యారెక్టర్‌కి ఒక టైమ్‌లో ఇలాంటివి మూడే. నాలుగోది కావాలంటే ఒకటి వదులుకోవాలి.

ప్లేయర్లకి అస్సలు నచ్చని రూల్ ఇదే. "డ్రాగన్‌ని చంపి తెచ్చుకున్న ఉంగరం పెట్టుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా?" అని అడుగుతారు. డీఎం కూడా ఫ్రెండే కదా, మొహమాటం. "సరేలే, తీసేద్దాం" అంటాడు. అక్కడ మొదలవుతుంది అసలు కథ.

గల్లీ క్రికెట్ లెక్క

రూల్ మార్చడం పాపమేం కాదు. మనం పెరిగిందే గల్లీ క్రికెట్‌లో. బంతి గోడ దాటితే సిక్స్ కాదు, ఔట్. ఆ రూల్ ఎందుకుందో గల్లీలో ప్రతి పిల్లాడికీ తెలుసు. గోడ అవతల అంకుల్ బంతి తిరిగివ్వడు. రేపు ఆయన ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే రూల్ తీసేయొచ్చు, ఎవరికీ నష్టం లేదు.

డీ అండ్ డీలో తేడా ఏంటంటే, రూల్ ఉంటుంది గానీ దాని వెనకున్న అంకుల్ కనిపించడు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు పాత కోడ్‌లో ఒక లైన్ చూసి "ఇది వేస్ట్" అనిపిస్తే, డిలీట్ చేసే ముందు దాని మీద ఇంకేం ఆధారపడి ఉన్నాయో వెతికేవాళ్లం. ఇక్కడా అదే చేద్దాం.

లిమిట్ తీసేస్తే ఏమవుతుంది?

ఒక ఫైటర్‌ని తీసుకుందాం. ప్లేట్ ఆర్మర్, చేతిలో షీల్డ్. ఆర్మర్ క్లాస్ 20. దీన్ని అందరూ ఏసీ అంటారు, గోడకి బిగించే ఏసీ కాదు. దెబ్బ తగలాలంటే శత్రువు దాటాల్సిన నంబర్ అన్నమాట.

ఎదురుగా ఓగర్ అనే రాక్షసుడు. వాడి డైస్‌కి +6 కలుస్తుంది. ఏసీ 20 దాటాలంటే డైస్ మీద 14 లేదా ఆపైన పడాలి. 20 ముఖాల్లో 7. అంటే 35 శాతం.

ఇప్పుడు ఫైటర్‌కి +1 షీల్డ్ ఇచ్చాం. దీనికి అట్యూన్‌మెంట్ అక్కర్లేదు. పైన క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్, రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్, అయూన్ స్టోన్ ఆఫ్ ప్రొటెక్షన్. ఒక్కోటి ఏసీకి ఒక్కో పాయింట్. ఏసీ 24 అయింది. ఓగర్‌కి ఇప్పుడు 18 పడాలి, అంటే 15 శాతం. మూడు స్లాట్లు నిండిపోయాయి.

లిమిట్ ఉంటే ఫైటర్ ఇక్కడ ఆగి ఆలోచించాలి. మండే కత్తి ఫ్లేమ్ టంగ్ కావాలా? దానికి స్లాట్ కావాలి. ఎగిరే వింగ్డ్ బూట్స్ కావాలా? దానికీ కావాలి. కాబట్టి గట్టిగా నిలబడతావా, గట్టిగా కొడతావా, ఎగురుతావా, ఎంచుకో. లిమిట్ లేకపోతే? అన్నీ ఒక్కడికే. పైగా పార్టీకి దొరికిన ప్రతి మంచి వస్తువూ మెల్లగా అతని దగ్గరికే చేరుతుంది, ఎందుకంటే అతను వేసుకుంటేనే ఎక్కువ లాభం.

"అయితే ఏంటి, బలంగా ఉంటే మంచిదేగా" అనొచ్చు. ఇక్కడే జాగ్రత్తగా వినండి.

ఫైటర్‌ని ఎవరూ తాకలేకపోతున్నారు, గేమ్ చప్పగా ఉంది. డీఎం ఏం చేస్తాడు? పెద్ద రాక్షసుణ్ణి దింపుతాడు. ఫైర్ జయంట్ అనుకుందాం. వాడికి +11. ఫైటర్ ఏసీ 24ని 40 శాతం సార్లు కొడతాడు. ఓకే, ఫైట్ మళ్లీ టైట్ అయింది.

కానీ అదే టేబుల్ మీద ఇంకో ఫ్రెండ్ విజార్డ్ ఆడుతోంది. మేజ్ ఆర్మర్ మంత్రం వేసుకున్నా ఏసీ 15. ఓగర్ ఆమెని 60 శాతం సార్లు కొట్టేవాడు, దెబ్బకి సగటున 13 పాయింట్లు. ఫైర్ జయంట్ 85 శాతం సార్లు కొడతాడు, దెబ్బకి సగటున 28, అదీ ఒక టర్న్‌లో రెండు దెబ్బలు. ఆరో లెవెల్ విజార్డ్‌కి సుమారు 38 హిట్ పాయింట్లుంటాయి. రెండు తగిలితే ఒక్క టర్న్‌లో నేల మీద.

చూశారా? ఐటమ్స్ తీసుకుంది ఒకరు, బిల్లు కట్టింది ఇంకొకరు. ఆ అమ్మాయి వారమంతా సెషన్ కోసం ఎదురుచూసి, వచ్చి, మొదటి రౌండ్‌లో పడిపోయి, గంటసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది. రెండు వారాలు ఇలా జరిగితే మూడో వారం "ఆఫీస్‌లో పనుంది" అని మెసేజ్ వస్తుంది. గ్రూప్ అలా విడిపోతుంది.

మూడు ఐటమ్స్ లిమిట్ వెనకున్న అంకుల్ ఇదే. ఆ రూల్ బలాన్ని టేబుల్ మీద పంచుతుంది.

ఇంకో డిపెండెన్సీ కూడా ఉంది. ఆర్టిఫిసర్ అనే క్లాస్‌కి స్పెషాలిటీయే ఇది. పదో లెవెల్‌లో నాలుగు ఐటమ్స్, పద్నాలుగులో ఐదు, పద్దెనిమిదిలో ఆరు. మీరు అందరికీ లిమిట్ ఎత్తేస్తే, ఆ క్లాస్ ఆడుతున్న ఫ్రెండ్ కష్టపడి సంపాదించుకున్నది ఫ్రీగా పంచేసినట్టే.

మరి బాల్డర్స్ గేట్ 3లో తీసేశారు కదా?

కరెక్ట్. 2023లో వచ్చిన ఆ వీడియో గేమ్ ఐదో ఎడిషన్ రూల్స్ మీద కట్టిందే, అయినా అట్యూన్‌మెంట్ లేదు. కానీ ఖాళీగా వదల్లేదు. హెల్మెట్ ఒకటి, క్లోక్ ఒకటి, గ్లవ్స్ ఒక జత, ఉంగరాలు రెండు, ఇలా శరీరానికి ఫిక్స్‌డ్ స్లాట్లున్నాయి. పైగా ఏ ఐటమ్ ఎక్కడ దొరుకుతుందో డెవలపర్లు ముందే ప్లాన్ చేశారు. పాత రూల్ చేసే పనిని ఇంకోదానికి అప్పగించారు.

పోషన్ సంగతి కూడా అంతే. 2014 రూల్ ప్రకారం హీలింగ్ పోషన్ తాగితే ఒక యాక్షన్ అయిపోతుంది, అంటే ఆ టర్న్‌లో కొట్టడం లేదు. వచ్చే ఆరోగ్యం సగటున 7 పాయింట్లు. దానికోసం టర్న్ వదులుకోవడం ఎవరికి ఇష్టం? అందుకే చాలా టేబుల్స్ దాన్ని బోనస్ యాక్షన్ చేసుకున్నాయి. 2024 సవరణలో అదే అఫీషియల్ రూల్ అయింది. ఇది సాఫీగా ఎందుకు కుదిరిందంటే, పోషన్ తాగితే అయిపోతుంది, మళ్లీ కొనాలంటే 50 గోల్డ్. లిమిట్ ఆ వస్తువులోనే ఉంది. పైగా అందరూ తాగొచ్చు, ఒక్కడికే లాభం కాదు.

అయితే ఎలా వంచాలి?

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఈ రూల్ ఏం ఆపుతోంది? రెండు, తీసేస్తే ఆ పని ఇంకేది చేస్తుంది? మూడు, లాభం ఎవరికి, ఖర్చు ఎవరికి?

బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ మీద ట్రై చేద్దాం. లోపల 500 పౌండ్లు, అంటే దాదాపు 227 కిలోలు పడతాయి. "బరువు లెక్కపెట్టడం బోర్, వదిలేద్దాం" అంటే? మామూలు గేమ్‌లో హ్యాపీగా వదిలేయండి, సంచి పార్టీ మొత్తానిది, ఖర్చు ఎవరికీ లేదు. కానీ మీ కథే ఎడారిలో నీళ్లు, తిండి మోసుకుంటూ బతకడం గురించైతే, ఆ బరువే మీ గేమ్. అక్కడ వదిలేయొద్దు.

నాలుగో ఐటమ్ ఇవ్వాలనిపిస్తే రెండు సేఫ్ దారులున్నాయి. మొదటిది, స్లాట్ అక్కర్లేని వెర్షన్ ఇవ్వండి, కానీ వాడకం తగ్గించండి. వింగ్డ్ బూట్స్ అసలు రూల్‌లో నాలుగు గంటలు ఎగరనిస్తాయి. మీ వెర్షన్ రోజుకి ఒక్కసారి, ఒక్క నిమిషం. రెండోది, కొత్తది ఇవ్వకుండా పాతదాన్నే పెంచండి. 2020లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్స్ గైడ్ టు వైల్డ్‌మౌంట్ పుస్తకంలో వెస్టిజెస్ అనే ఐటమ్స్ ఇలాగే క్యారెక్టర్‌తో పాటు మూడు దశల్లో ఎదుగుతాయి. మొదటి లెవెల్ నుంచి మోస్తున్న కత్తి ఒకరోజు మెరిస్తే, కొత్త కత్తి దొరికినదానికంటే ప్లేయర్‌కి ఎక్కువ ఆనందం.

ఆల్రెడీ ఇచ్చేశాను, ఇప్పుడెలా?

దొంగని పంపి కొట్టేయించకండి. ప్లేయర్‌కి అర్థమైపోతుంది, ఆ తర్వాత ఏ బహుమతినీ నమ్మడు. సెషన్ మొదలయ్యే ముందు డైరెక్ట్‌గా చెప్పండి. "మామా, ఆ బూట్స్ వల్ల మిగతా ఇద్దరికీ ఫైట్‌లో పనుండట్లేదురా. రోజుకి ఒకసారి చేద్దామా? బదులుగా నీ కత్తి పెంచుతా." పదింట తొమ్మిదిమంది ఫ్రెండ్స్ ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్లకీ ఆ టేబుల్ నడవాలనే ఉంటుంది.

ఇకమీదట కొత్త రూల్ పెడితే ముందే చెప్పండి: "ఇది మూడు సెషన్ల ట్రయల్, తర్వాత అందరం మాట్లాడుకుని ఉంచాలా తీసేయాలా చూద్దాం." అప్పుడు వెనక్కి తీసుకోవడం గొడవ కాదు, ముందే ఒప్పుకున్న పని.

మూడో సెషన్ అయ్యాక అందరికంటే ముందు అడగాల్సింది ఐటమ్ దొరికినవాణ్ణి కాదు, దొరకనివాళ్లని. వాళ్లు "బాగుంది, ఉంచండి" అంటే ఆ రూల్ పాసైనట్టే.

మీ టేబుల్‌లో ఏ రూల్ మార్చారో, ఎలా నడుస్తోందో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!